కోత ముందా, మందు ముందా

మా చుట్టాల్లో ఇప్పటికీ తెగని పంచాయితీ ఒకటుంది. బాపు కడుపులో గడ్డ పడ్డప్పుడు ముందు కోసి తర్వాత మందు ఎక్కించాల్సిందా, ముందు మందు ఎక్కించి తర్వాత కోయాల్సిందా అని. పెళ్లిలో కలిసినా ఇదే, దశదినాల్లో కలిసినా ఇదే. విస్తరి ముందు కూర్చున్నామో లేదో, "అయినా బిడ్డా, ఆనాడు నా మాట ఇనుంటేనా" అని మా మేనమామ మొదలుపెడతాడు. అవతలి పంక్తిలోంచి మా అన్న అందుకుంటాడు. పప్పు చల్లారిపోతుంది. ఇద్దరిలో ఒక్కరూ డాక్టరు కారు. మామ కరెంటాఫీసులో పని చేసి రిటైరై నల్గొండలో ఇల్లు కట్టుకున్నవాడు. అన్న పాలమూరు పక్క ఊళ్లో బాపుతో పాటు గొర్రెలు కాసేవాడు. వాళ్లిద్దరి నడుమ నేను. నల్గొండలో సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్తాను. నా తలనొప్పంతా అక్కడే వచ్చింది.

జీవశాస్త్రం చెప్పేదానికి కడుపు గురించి తెలియంది ఉండదని మా వాళ్ల నమ్మకం. నిజానికి నాకు తెలిసింది పాఠ్యపుస్తకంలోని బొమ్మ. ఏటా బోర్డు మీద ఆహారవాహిక గీస్తాను, దాని కింద సంచిలాగా జీర్ణాశయం గీస్తాను, ఆ కింద పేగులు చుట్టలు చుట్టి, బాణం గుర్తులు పెట్టి పేర్లు రాస్తాను. నడుమ ఉన్న సంచిని తుడిచేసి పైగొట్టాన్ని కింది పేగుకు కలిపితే మనిషి ఎలా బతుకుతాడని ఏ పిల్లా నన్ను అడగలేదు. ఏ పరీక్షలోనూ ఆ ప్రశ్న రాలేదు.

బాపుకు బుద్ధి తెలిసినప్పటినుంచీ రెండు పూటల తిండే. తెల్లవారకముందు జొన్నరొట్టెలు కడుపు నిండా తిని, గొంగడి భుజాన వేసుకొని మంద వెంట పోయేవాడు. మళ్లీ పొద్దుగూకి గొర్రెలు దొడ్లో పడ్డాకే కంచం ముందు కూర్చునేవాడు. నడుమ నీళ్లు, బీడీ. ఎండాకాలం గడ్డి లేకపోతే మందను తోలుకొని నెలల తరబడి కృష్ణ దిక్కు పోయినా ఇదే లెక్క. అలాంటి మనిషి పొద్దున పూట ఒక్క రొట్టె తిని "నిండింది" అని లేచిపోవడం మొదలుపెట్టాడు. అమ్మ తన వంట బాగలేదనుకుంది. ఊరి ఆరెంపీ డాక్టరు గ్యాస్ అన్నాడు. ఆ ఆరెంపీకి మనిషి ఒంట్లో గ్యాస్ తప్ప ఇంకో రోగం కనిపించదు. గోళీలు ఇస్తూ పోయాడు, బాపు మింగుతూ పోయాడు, అంగీ వదులవుతూ పోయింది.

చివరికి నేనే సెలవు పెట్టి పాలమూరు దవాఖానకు తీసుకుపోయాను. గొంతులోంచి గొట్టం వేసి చూశారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. కాగితం వచ్చాక డాక్టరు నన్నూ అన్ననూ పక్కకు పిలిచి జీర్ణాశయం క్యాన్సర్ అన్నాడు. బయట బల్ల మీద బాపు కూర్చొని ఉన్నాడు. అన్న నా చెయ్యి గట్టిగా పట్టుకొని, "బాపుకు జెప్పకు చెల్లె. పుండు అని జెప్పుదాం" అన్నాడు. అలా ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ రోగం పేరు పుండు. స్కానింగు పుండుకు, హైదరాబాదు ప్రయాణం పుండుకు, మా కులదేవుడు బీరప్పకు మొక్కు పుండుకు. ముసలాయన ముందు నోరు జారకుండా మాట్లాడలేక మా అందరికీ చెమటలు పట్టేవి.

విషయం తెలిసిన మర్నాడే మామ నల్గొండలో తనకు తెలిసిన ఒక సర్జన్‌ను మాట్లాడి పెట్టాడు. ఆయన స్కానింగు చూసి, గడ్డ తీయడానికి వీలుగానే ఉందన్నాడు. ముందు ఆపరేషన్ చేసి తీసేద్దాం, కోత మానాక మందులు ఎక్కిద్దాం, అవసరమైతే కరెంటు, అంటే రేడియేషన్ కూడా పెట్టిద్దాం అన్నాడు. కరెంటాఫీసు మామకు ఆ మాట మీద గురి కుదిరింది. అయినా నేను పట్టుబట్టి హైదరాబాదులో పెద్ద క్యాన్సర్ దవాఖానకు తీసుకుపోయాను. అక్కడ నలుగురు డాక్టర్లు కూర్చొని కాగితాలు తిప్పి తిప్పి చూసి, ముందు కొన్ని విడతలు మందు, తర్వాత ఆపరేషన్, తర్వాత మళ్లీ కొన్ని విడతలు మందు అన్నారు.

అక్కడి డాక్టరమ్మ ఓపిక గల మనిషి. నేను టీచర్నని తెలిసి కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. కంటికి కనిపించే గడ్డను కత్తి తీస్తుంది. కనిపించకుండా అటూ ఇటూ పాకిన కణాలను మందే తీయాలి. కోసి తీశాక తిండి పట్టదు, బరువు తగ్గుతుంది, అప్పుడు మందు ఎక్కిస్తే తట్టుకోలేక చాలామంది నడుమ ఆపేస్తారు. అందుకని ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే కొంత ఇచ్చేస్తాం. గడ్డ కూడా కుంచించుకుపోతే తీయడం సులువవుతుంది.

"అయితే నల్గొండ డాక్టర్ చెప్పింది తప్పా మేడమ్?" అని అడిగాను.

"తప్పేం కాదమ్మా. అలా చేసే దేశాలే ఉన్నాయి. రక్తం పోతున్నా, తిండి దారి మూసుకుపోయినా మేమూ ముందు కోత పెట్టాల్సి వస్తుంది. మీ నాన్నగారికి మాత్రం ఇది మేలనిపిస్తోంది" అంది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇద్దరిలో ఒకరిది తప్పంటే నా పని తేలికయ్యేది. ఇంటికి పోయి ఆ తప్పును మామ మొహాన కొట్టి ఊరుకునేదాన్ని. ఇప్పుడు రెండూ ఒప్పే, ఇది కాస్త ఎక్కువ ఒప్పు అని మా చుట్టాలకు చెప్పడం ఎలా? మా ఇంట్లో కాస్త అనే మాటకు విలువ లేదు.

అనుకున్నట్టే అయింది. ఆదివారం ఊళ్లో అందరూ మా వాకిట్లో జమైనారు. మామ నల్గొండ నుంచి పొద్దున బస్సుకే దిగాడు. "ఇంట్ల పాము జొర్రితే ముందుగాల పామును సంపుతమా, దానికి సోది జెప్పుకుంట కూసుంటమా? కోసి పారెయ్యాలె. మందులు తర్వాత సంగతి" అన్నాడు. అన్న అడ్డం తిరిగాడు. "కత్తి తలిగితే పాకుతది మామా. మా దిక్కు గట్ల పోయినోళ్లను నేను జూసిన. మందులిప్పిద్దాం, కోతే వద్దు." ఒకాయనకు ఉత్త కోత కావాలి, ఒకడికి ఉత్త మందు కావాలి. ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి జరగాలని, ఒక్కదానితో పని కాదని నేను మొత్తుకుంటే, "నువ్వు చదువుకున్నవ్ గని లోకం తెల్వది" అన్నారు. ఇద్దరూ ఒక్కమాట మీద ఉన్న విషయం అదొక్కటే.

బాపు అరుగు మీద కూర్చొని ఉన్ని తాడు పేనుకుంటున్నాడు. ఒక్కసారి తలెత్తి, "పుండుకు గింత లొల్లా?" అన్నాడు. అమ్మ లోపలికి పోయి చాయ్ పెట్టింది. మామ వానల సంగతి ఎత్తాడు.

నేను ఎవరికీ చెప్పకుండా డాక్టరమ్మకు ఫోన్ చేసి మందు మొదలుపెట్టమన్నాను. వాళ్లను ఒప్పించి చేసే పని అయితే ఇప్పటికీ వాకిట్లోనే కూర్చొని ఉండేవాళ్లం.

మందు ఎక్కించుకోవడానికి బాపు హైదరాబాదు వచ్చి పోతుండేవాడు. నేను నల్గొండ నుంచి, అన్న బాపును తీసుకొని పాలమూరు నుంచి. ఆ కుర్చీలో గంటల తరబడి కూర్చోవడం ఆయనకు మహా చిరాకు. "కాళ్లు మొద్దుబారుతున్నయ్, జర గేటు దాకా నడిసొస్త" అని నర్సమ్మతో తగువు పడేవాడు. మందు ఎక్కిన కొన్నాళ్ల వరకు చల్లనిది ముట్టుకుంటే వేళ్లలో సూదులు గుచ్చుకున్నట్టయ్యేది. పొద్దున చెంబు పట్టుకుంటే చెంబు వదిలేసేవాడు. అమ్మ చెంబుకు పాత గుడ్డ చుట్టింది, కాళ్లు కడగడానికి కూడా నీళ్లు కాచింది. నోరు పూసింది. జుట్టు ఊడింది గానీ తలగుడ్డ ఎప్పుడూ ఉండేది కాబట్టి ఊళ్లో ఎవరికీ తెలియలేదు. అన్నీ ఓర్చుకున్నాడు. ఓర్చుకుంటూనే అందరినీ తిట్టాడు. నాకు ఆయన తిట్లే ధైర్యం, తిట్టే సత్తువ ఉందంటే మందు తట్టుకునే సత్తువ ఉన్నట్టే కదా అనుకునేదాన్ని.

కొన్ని విడతలు అయ్యేసరికి ఆకలి తిరిగొచ్చింది. ఒకరోజు జొన్న గట్క వండమని, అందులోకి మాంసం కూర కావాలని అడిగాడు. పెట్టింది పెట్టినట్టు తిని మళ్లీ వేయించుకున్నాడు. అమ్మ ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది. నేనూ బడి వరండాలో నిలబడి ఏడ్చాను. అది మంచి కబురే, కాదనను. కానీ అసలు గత్తర అక్కడే మొదలైంది.

గొర్రెల కాపర్ల ఇళ్లల్లో రోగం తగ్గిందో లేదో తేల్చే పద్ధతి ఒకటుంది. గొర్రె మేత ముట్టకుండా మూలకు నిలబడితే రోగం. మళ్లీ మేసి నెమరు వేసిందంటే రోగం పోయినట్టు. నెమరు వేసే గొర్రెకు ఎవరూ మందు పొయ్యరు, దాన్ని మందలో కలిపేస్తారు. తాతల నాటి నుంచీ ఇదే చూస్తున్న మా వాళ్లు బాపునూ అలాగే చూశారు. తింటున్నాడు, కాబట్టి తగ్గింది. మళ్లీ చేసిన స్కానింగులో గడ్డ చిన్నదైంది గానీ పోలేదని, లోపల ఉన్నదాన్ని తీయకపోతే మళ్లీ లేస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నెల రోజులు ఒంటికి విశ్రాంతి ఇచ్చి, ఆలస్యం చేయకుండా ఆపరేషన్‌కు రావాలంది. ఆ వేళ దాటితే మందు చేసిన మేలంతా కొట్టుకుపోతుందంది. ఈ మాట నేను అన్నకు పొద్దునోసారి, సాయంత్రమోసారి చెప్పాను. వాడు ఊ కొట్టాడు.

ఊ కొట్టి ఏం చేశాడంటే, బీరప్పకు యాటను కోసి దావత్ పెట్టాడు.

నాకు ముందు రోజు చెప్పారు. పోయేసరికి వాకిట్లో షామియానా. డప్పులు. ఆపరేషన్ కావాల్సిన మనిషి నడుమ కూర్చొని బొక్కలు చీకుతున్నాడు. వచ్చిన ప్రతివాడూ భుజం మీద చెయ్యి వేసి, "నీకేమైంది, రాయి లెక్కున్నవ్" అంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మామ కనిపిస్తే, ముందే కోయమన్న మనిషి కదా, ఈయనైనా నా దిక్కు మాట్లాడతాడని ఆశపడ్డాను. మామ మూతి తుడుచుకుంటూ, "కోసే టైముల కోయకపోతిరి. ఇప్పుడు కరిగినంక కోసెటందుకు ఏముంది బిడ్డా? గట్లనే ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు. అన్న నవ్వుతూ, "నేను మొదట్నుంచి గదే అంటున్న గదా మామా" అన్నాడు. నెలల తరబడి ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరూ ఒకే కంచంలో తింటున్నారు. ఆపరేషన్ వద్దనడానికి మాత్రం ఒక్కటైనారు! ఆ దావత్‌లో నేను అరిచిన అరుపులకు డప్పులు ఆగిపోయాయి. పెళ్లైన ఆడపిల్ల పుట్టింట్లో పది మంది ముందు గట్ల అరుస్తదా అని ముసలమ్మలు ముక్కున వేలేసుకున్నారు. వేసుకోనీ.

బాపు మాత్రం చెయ్యి కడుక్కొని లేచిపోయాడు.

దావత్ అయిన రెండో వారంలో అన్న ఫోన్ చేసి, చాలా మామూలుగా, బాపు మందను తోలుకొని కృష్ణ దిక్కు పోయిండని చెప్పాడు. అక్కడి రైతులు ఎరువు కోసం రాత్రిపూట తమ చేలల్లో మందను ఆపించుకుంటారు. ఎవరికో మాట ఇచ్చాడట, సోపతికి మా చిన్నాయన కూడా పోయాడట. "ఎట్ల పోనిచ్చినవ్‌రా?" అంటే, "తింటుండు, నడుస్తుండు. కాళ్లు కట్టేయాల్నా?" అన్నాడు. బాపు ఫోన్ మూగబోయింది. ఆపరేషన్‌కు రమ్మన్న రోజు దగ్గరపడుతోంది. ఆ వారం నేను క్లాసులో ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. పిల్లలు అల్లరి చేయకుండా కూర్చున్నారు కాబట్టి నా మొహం బాగా లేదనే అనుకోవాలి.

మళ్లీ సెలవు పెట్టాను. పాలమూరులో బస్సు దిగి, ఒక్క మాటా మాట్లాడకుండా అన్న బండి వెనక ఎక్కాను. దారిలో కనిపించిన ప్రతి మంద దగ్గరా ఆగి అడిగాం. ఒకరు ముందుకు పొమ్మంటే ఇంకొకరు దాటి వచ్చేశారనేవారు. ఎర్రటి ఎండ. చివరికి పల్లికాయ పీకేసిన ఒక చేనులో దొరికాడు. కట్టె మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు, ఆకులలములు ఏరుకుంటూ గొర్రెలు చుట్టూ పరుచుకొని ఉన్నాయి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "ఎండల వడొస్తివి. నీళ్లు దాగు" అన్నాడు.

నేను నీళ్లు తాగలేదు. బండి దిగింది దిగినట్టే మొదలుపెట్టాను. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. మందు ఎందుకు ముందో, కోత ఎందుకు తర్వాతో, ఆలస్యమైతే ఏమవుతుందో. గాలిలో వేలితో బొమ్మ కూడా గీశాను. చేనులో నిలబడి గొర్రెలకు పాఠం చెప్తున్నట్టుంది నా వాలకం. బాపు అంతా విన్నాడు. విని, దారి తప్పిన ఒక గొర్రెపిల్లను కట్టెతో మళ్లేసి వచ్చి అడిగాడు.

"ముందుగాల కోస్తే ఏం తీస్తరు?"

"కడుపు తీస్తరు బాపు. గడ్డ మీదికి ఉన్నది, అందుకని మొత్తం తియ్యాలె."

"మందిచ్చి కోస్తే?"

"గప్పుడు గూడ గంతే."

"మల్ల మీ లొల్లంత దేనికి? అటు జేసినా ఇటు జేసినా నా కడుపైతె పోతది గదా. నాకు రెండిట్ల తేడా ఏమున్నది?"

"బతుకుతవ్ బాపు, గదీ తేడా" అన్నాను.

"బతికి ఏంజెయ్యాలె?" అన్నాడు కోపంగా. "దవాఖానల నా పక్క కుర్సీ ఆయన జెప్పిండు. ఆయనకు తీసేసిండ్రట. గంటకోపారి ఇంతింత తినాలెనట. నీళ్లు వేరే టైముల తాగాలెనట. ఇంట్లె మంచం మీద గూసోని కోడిపిల్ల లెక్క తింటున్నడట. నేను పొద్దుగాల కడుపు నింపుకొని పోతె మల్ల పొద్దుగూకినంకనే తినేటోన్ని. గా సంచి లేకుంట గొర్లెట్ల గాయాలె? గొర్లు గాయకుంట నేనేంజెయ్యాలె? ఇంటి ముందట గూసోని వచ్చెటోళ్లను పోయెటోళ్లను లెక్కవెట్టాల్నా?"

నాకు జాలి కలగాల్సిన చోట పట్టరాని కోపం వచ్చింది. "గీ మాట ఇన్ని రోజులు ఎందుకు జెప్పలే?"

"ఎవలడిగిండ్రు? వాకిట్ల గూసోని పుండు పుండు అంటిరి. నాకు దాని పేరు ఎర్క లేదా? పుండుకు మనిషి కడుపంత కోస్తరా ఎవలన్న? మీరు మీరు మాట్లాడుకుంటున్నరు గదా అని తాడు పేనుకుంట గూసున్న."

అన్న తల దించుకున్నాడు. నేను దించుకోలేదు. ఇంత జరిగాక ఇప్పుడా చెప్పడం! ఒక్క ముక్క ఆ రోజే అని ఉంటే డాక్టరమ్మనే అడిగి ఉండేవాళ్లం కదా. "మంచం మీద గూసోని తినమని నీకు ఎవరు జెప్పిండ్రు?" అని అరిచాను. "ఈ గొర్లు పొద్దంత ఇంతింత మేసుకుంటనే తిరుగుతున్నయ్ గదా! రొట్టెను ముక్కలు జేసి మూటలు గట్టుకో. గొంగడి కొసకు ఒకటి, తలగుడ్డకు ఒకటి గట్టుకో. ఎవలొద్దంటరు?"

బాపు నా దిక్కు చూశాడు. "గట్ల తిరగొచ్చునా? డాక్టరమ్మను అడిగినవా?"

అడగలేదు. ఆ చేనులో సిగ్నల్ లేదు. పక్కనున్న బండరాళ్ల గుట్ట ఎక్కి, చెయ్యి పైకెత్తి పట్టుకుంటే ఒక గీత వచ్చింది. డాక్టరమ్మ ఫోన్ ఎత్తినందుకు నా జన్మలో ఆమెకు రుణపడి ఉంటాను. కూర్చొని బాగా నమిలి తినాలి, తిన్నాక కాసేపు ఆగాలి, కోత పూర్తిగా మానేదాకా కొన్ని నెలలు ఇల్లు కదలకూడదు, ఆ తర్వాత మెల్లమెల్లగా మంద వెంట పోవచ్చు, దూరాలు మాత్రం వద్దు అంది. "ఎప్పుడు తీసుకొస్తున్నారు? ఇంకో రోజు కూడా ఆలస్యం వద్దు" అని నన్ను కోప్పడింది కూడా. తిట్లు ఆమె దగ్గర కూడా నాకే.

గుట్ట దిగి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. దూరాలు వద్దందని కూడా దాచలేదు. బాపు, "గొర్లు ఆగిన కాడ నేను గూడ ఆగుత తియ్" అన్నాడు. గొంగడి తీసి అన్న భుజం మీద వేశాడు. "మాటిచ్చిన రైతు ఉన్నడు. నువ్వు ఆగు ఈడ" అన్నాడు. చిన్నాయనతో పాటు ఆ ఎండలో మా అన్న మిగిలిపోవడం చూస్తే నాకు ఆ నెలల్లో మొదటిసారి కాస్త హాయిగా అనిపించింది. అన్న బండి నేనే నడిపాను. వెనక కూర్చొని బాపు మెల్లగా పొమ్మని దారి పొడుగునా గొణిగాడు.

ఆపరేషన్ అయింది. గడ్డ శుభ్రంగా వచ్చిందన్నారు. కానీ తర్వాత ఇవ్వాల్సిన మందు ఆయన ఒంటికి పడలేదు. ఒక విడత ఎక్కగానే మనిషి మంచానికి అతుక్కుపోయాడు, తిన్నది తిన్నట్టు కక్కాడు. డాక్టరమ్మే ఆపేసింది. "ముందు ఇచ్చింది ఇచ్చినట్టే దక్కింది, అందుకే ముందిచ్చాం" అంది. నేను ఈ మాటను పట్టుకొచ్చి మా వాళ్లకు చెప్పాను. ఇక పంచాయితీ తెగినట్టే అనుకున్నాను. మామ అంతా విని, "అదే బిడ్డా, మొదలే కోసుంటే ఒంట్ల సత్తువ ఉంటుండె, తర్వాతి మందు మొత్తం పడుతుండె" అన్నాడు. అన్న, "అసలు కోయకుంటే కడుపన్న ఉంటుండె" అన్నాడు. నేను గోడకు తల కొట్టుకోవడం ఒక్కటే మిగిలింది.

ఇప్పుడు బాపు సన్నబడి కట్టెలాగే ఉన్నాడు. నెలనెలా విటమిన్ సూది వేయించుకోవాలి. స్కానింగు దగ్గరికొచ్చినప్పుడల్లా మా ఎవరికీ అన్నం సయించదు. పెద్ద మంద అన్న చూసుకుంటాడు, బాపు కొన్ని గొర్రెలను ఊరి పక్క బీళ్లలో తిప్పుతాడు. అమ్మ రొట్టె ముక్కలు, ఉడికిన గుడ్డు, పల్లికాయలు చిన్న చిన్న మూటలుగా కట్టి ఇస్తుంది. గొర్రెలు ఆగిన చోట కూర్చొని ఒక మూట విప్పుతాడు, చాలాసేపు నములుతాడు, మమ్మల్ని తిడతాడు. నమిలి నమిలి దవడలు నొస్తున్నాయంటాడు. ఒక్కోసారి ఆత్రంగా తిని గుండెదడ వచ్చి చెట్టు కింద పడుకుంటాడు. దావతులకు పోతే మా చుట్టాలు కంచం నిండా వడ్డించి, "గింతనేనా, మొహమాటమా?" అంటారు. కడుపు లేని మనిషిని మొహమాటమా అని అడిగే జనాన్ని ఏమనాలో నాకు తెలియదు.

మొన్న దసరా సెలవుల్లో నేను ఊళ్లో ఉండగా మామ ఫోన్ చేశాడు. తనతో పని చేసిన ఒకాయనకు ఇదే రోగం బయటపడిందట. నల్గొండలో ఒకరు కోత ముందు అంటున్నారట, హైదరాబాదులో ఒకరు మందు ముందు అంటున్నారట. "మీ బాపుకు అనుభవం ఉన్నది గదా, ఏది మంచిదో జర అడుగు" అన్నాడు. ఫోన్ బాపుకు ఇచ్చాను. బాపు నోట్లోది నమిలి మింగేదాకా అవతల మామ హలో హలో అంటూనే ఉన్నాడు.

"బావా, ఆయన ఏం పని జేస్తడు?" అన్నాడు బాపు.

"పనితోని ఏమున్నది? ఏది ముందో జెప్పు."

"గదంత డాక్టర్లు జూసుకుంటరు. కడుపు తీసినంక ఎట్ల తింటడో, ఏం పని జేసుకుంటడో గది అడిగిండ్రా ఆయన్ని?"

మామ విసుక్కొని ఫోన్ నాకు ఇవ్వమన్నాడు. "మందులెక్కినప్పటి సంది బావకు మతి సరిగ లేదు. నువ్వన్న సూటిగ జెప్పు బిడ్డా, కోత ముందా, మందు ముందా? ఆయన ఇంట్లె అందరం ఈడనే గూసున్నం" అన్నాడు.

"ఆయన గూడ ఉన్నడా?" అన్నాను.

"ఉన్నడు. పక్క అర్రల పండుకున్నడు. ఆయనకు ఇంక జెప్పలే, పుండు అని జెప్పినం."

నేను పెట్టేద్దామని చెవి దగ్గర నుంచి ఫోన్ తీశాను. బాపు రొట్టె ముక్క కింద పెట్టి చెయ్యి చాపాడు.

"పెట్టెయ్యకు. ఫోను గా మనిషికి ఇయ్యమను" అన్నాడు. "ఆయన కడుపు గదా."